పరిగెత్తిన రీలు

ఆయన పోయారని ఫోను వచ్చినప్పుడు నేను ఒక విలన్ చావుకేకకు ఎకో తగ్గిస్తున్నాను. ఆయన కూతురు రెండే మాటలు చెప్పింది. "నాన్న వెళ్ళిపోయారు. పొద్దున కాఫీ తాగి, కుర్చీలోనే." నేను ఫోను పెట్టేసి, తెర మీద నోరు తెరిచి ఆగిపోయిన విలన్ మొహం చూస్తూ కూర్చున్నాను. పక్క కుర్చీలోని డైరెక్టరు, "ఏమైందండీ?" అన్నాడు. "ఏం లేదు. ఒకసారి మొదటి నుంచి విందాం" అన్నాను. ఏం చెయ్యాలో తోచనప్పుడు ఏదీ ముట్టుకోకుండా మళ్ళీ మొదటి నుంచి వినడం ఆయన దగ్గర నేర్చుకున్నదే.

ఆయన పేరు ఇక్కడ రాయను. ఫిల్మ్‌నగర్‌లో పాతవాళ్ళందరూ "రికార్డిస్టు గారు" అనేవారు, నేను "సార్" అనేదాన్ని. జీవితం మొత్తంలో తన పేరు ఫలానాచోట వెయ్యమని ఆయన నోరు తెరిచి అడిగింది ఒక్కసారే. అది మెప్పు కోసం కాదు.

మే నెలలో కూడా పొడుగు చేతుల స్వెటరు వేసుకుని తిరిగేవారు. "స్టూడియో ఏసీలో యాభై ఏళ్ళు ఉన్న ఒళ్ళమ్మా ఇది, బయట ఎండ ఉందంటే నమ్మదు" అనేవారు. ఏదైనా శ్రద్ధగా వినాలంటే తల పక్కకు వాల్చి ఎడమ చెవి ముందుకు పెట్టేవారు, గింజను చూసిన కోడిలాగా. ఎవరైనా "ఫలానా సినిమా చూశారా?" అంటే "చూళ్ళేదండీ, విన్నాను" అనేవారు. నిజంగానే వినేవారు. ఇంట్లో టీవీకి వీపు పెట్టి కూర్చుని, హీరోయిన్ గొంతు ఎవరిదో, వాన శబ్దం అసలు వానో, పళ్ళెంలో పోస్తున్న బియ్యమో చెప్పేవారు.

మదరాసు నుంచి సినిమా ఇక్కడికి తరలినప్పుడు ఆయనా తరలివచ్చారు. సొంత ఊరు గుంటూరు వైపు. మధురానగర్‌లో మొదటి అంతస్తులో రెండు గదుల ఇల్లు. అందులో ఒక గది మనుషులది, ఒక గది టేపులది. ఏ నిర్మాతా వెనక్కి అడగని టేపులు, స్టూడియోలు మూసేస్తూ చెత్తలో పారేసిన టేపులు, అన్నీ అట్టపెట్టెల్లో వరసగా ఉండేవి. ఒక్కో పాటకు సినిమాలోకి వెళ్ళింది ఒక్క టేకైతే, వెళ్ళనివి పదో పన్నెండో ఉంటాయి. ఆయన దాచింది ఆ వెళ్ళనివి. పెట్టెల మీద ఆయన రాతలు చదువుతూ నేను ఒక పూటంతా నవ్వుకున్నాను. "నాలుగో టేకు. గాయని గారికి దగ్గు, అయినా చరణం అమృతం." "ఆరోది. తబలా ఆయన తుమ్మారు. తుమ్ము తాళంలోనే పడింది." ఏ పెట్టె మీదా ఎవరినీ తప్పుపట్టిన మాట ఉండదు. ఒక్క పెట్టె తప్ప. దాని దగ్గరికే వస్తున్నాను.

నేను ఆయన ఇంటి మెట్లెక్కడానికి కారణం ఒక బ్యాండు. దాదాపు నలభై ఏళ్ళ కిందట హైదరాబాదు కుర్రాళ్ళు నలుగురు కలిసి తెలుగులో రాక్ సంగీతం వాయించారు. రాక్ అంటే రాయే కదా, మన ఊరి నిండా అవే కదా అని "బండరాళ్ళు" అని పేరు పెట్టుకున్నారు. ఒకే ఒక్క క్యాసెట్టు తెచ్చారు. అది అమ్ముడుపోయింది తక్కువ, ఒకరి నుంచి ఒకరు కాపీ చేసుకున్నది ఎక్కువ. షేక్‌పేటలో మా మేనమామ దగ్గర దాని కాపీకి కాపీ ఉండేది. పాటల కన్నా గరగరే ఎక్కువ వినిపించేది, అయినా నాకు ప్రతి గిటారు ముక్కా నోటికి వచ్చు. ఇప్పటి పిల్లలు ఎక్కడో విని దాన్ని మళ్ళీ ఫోన్లలోకి ఎక్కించారు. అది చూసి ఒక సంగీత కంపెనీ, ఆ పాటల్ని కొత్తగా మిక్స్ చేసి, వాడకుండా వదిలేసిన టేకులతో కలిపి బయటికి తేవాలనుకుంది. మిక్సింగు పని మా స్టూడియోకి వచ్చింది. అసలు రీళ్ళు ఎక్కడున్నాయని వెతికితే అవి మధురానగర్‌లో తేలాయి. ఆ క్యాసెట్టు రికార్డు చేసింది ఆయనే.

మొదటి రోజు నన్ను కూర్చోబెట్టి, కాఫీ ఇచ్చి, ఒక టేపు పెట్టారు. పాట కాదు, పాట మొదలయ్యే ముందు గదిలోని అలికిడి, అంతే.

"గదిలో ఎంతమంది ఉన్నారు చెప్పమ్మా."

నేను కళ్ళు మూసుకుని విన్నాను. "అయిదుగురు సార్."

"బ్యాండులో నలుగురే కదా?"

"ఎవరో కుర్చీల కదిలిండ్రు. వాయించేటోళ్ళు నిలబడే ఉన్నరు, డ్రమ్ముల ముందు ఉండేది స్టూలు. కుర్చీ కిర్రు వేరే, స్టూలు కిర్రు వేరే గదా."

ఆయన తల వాల్చి నన్ను కాసేపు చూశారు. "ఆ కుర్చీలో ఉన్నది నిర్మాత. సరే, రీళ్ళు నీకిస్తాను. ఒక్కటే షరతు. ముందు విను. తర్వాతే ముట్టుకో."

పాత టేపు ఏళ్ళు గడిచేకొద్దీ తేమ పీల్చుకుని జిగటగా అవుతుంది. అలాగే తిప్పితే పైపొర ఊడి, దాంతోపాటు పాటా రాలిపోతుంది. సన్నని వేడిలో గంటల తరబడి ఆరబెడితే మళ్ళీ కొన్నాళ్ళు మాట వింటుంది. దానికోసం ఆయన కోళ్ళఫారం వాళ్ళు గుడ్లు పొదిగించే పెట్టె ఒకటి కొని వంటింట్లో పెట్టుకున్నారు. కింది వాటాలో ఉండే ఆవిడ ఓ రోజు పైకొచ్చి, "ఎప్పుడు పిల్లలవుతాయండీ?" అని అడిగింది. "సాయంత్రానికండీ" అన్నారాయన, ముఖంలో నవ్వు లేకుండా. ఆవిడ ఆశ్చర్యపోతూ దిగి వెళ్ళింది. వారం రోజులు ఆ ఇంట్లో అలా రీళ్ళు పొదిగాం.

ఎనిమిదో రీలు పెట్టె మీద ఆయన రాత వేరేగా ఉంది. "డ్రమ్ములు. అబ్బాయి పరిగెడుతున్నాడు." దాని కిందే, వేరే సిరాతో, "ఉండనీ."

"ఇదేంది సార్?"

"అది వదిలెయ్యమ్మా" అన్నారు. మళ్ళీ తనే చెప్పారు.

ఆ బ్యాండులో డ్రమ్ములు వాయించేది యాదగిరి అని బోరబండ కుర్రాడు. అప్పుడు పంతొమ్మిదేళ్ళు. డప్పు వాయించే ఇంట్లో పుట్టి, స్టూడియోల చుట్టూ తిరిగి తిరిగి డ్రమ్ములు నేర్చుకున్నాడు. ఎనిమిదో రీలు తీసిన నాడు ముందుగా అతని డ్రమ్ములొక్కటే తీశారు. మధ్యాహ్నం. వెనక్కి పెట్టి వింటే వేగం నిలకడగా లేదు. బాగా పోతూ పోతూ ఒకచోట ఉన్నట్టుండి పరుగు అందుకుంటుంది. మూడుసార్లు తీశారు, మూడుసార్లూ అంతే. యాదగిరి "నేను సరిగ్గనే కొట్టిన" అంటాడు. నిర్మాత అతని మాట వినలేదు. ఈయన వైపు తిరిగి, "మీరేమంటారు?" అన్నాడు. ఈయన చెవికి ఈ ఊళ్ళో అంత మర్యాద. ఈయన చెప్పారు: "అబ్బాయి పరిగెడుతున్నాడండీ."

మర్నాడు మదరాసు నుంచి ఒక డ్రమ్మరును పిలిపించి డ్రమ్ములన్నీ అతనితోనే వాయింపించారు. క్యాసెట్టు మీద యాదగిరి పేరు రాలేదు. అతను మళ్ళీ ఏ స్టూడియో గేటు దగ్గరా కనపడలేదు. "చెరిపేసి ఆ టేపు మళ్ళీ వాడుకోమన్నారమ్మా. ఎందుకో చెరపబుద్ధి కాలేదు" అన్నారు.

కంపెనీ వాళ్ళకు అలాంటి రీళ్ళంటేనే మోజు కనుక దాన్ని కూడా మా స్టూడియోకి తెచ్చుకున్నాను. ఇలాంటి పాత రికార్డింగుల్లో డ్రమ్ముల కింద సన్నగా ఒక రొద ఉంటుంది. కరెంటు తీగల నుంచి టేపులోకి చేరే గుయ్యిమనే శబ్దం. మొదట చేసే పని దాన్ని తీసెయ్యడం. తెర మీద అది ఒక గీతలా కనిపిస్తుంది. కచేరీలో తంబూరా శ్రుతి ఎలాగో ఇదీ అంతే, కదలకూడదు, పాట ఎటు పోయినా అది అక్కడే ఉండాలి. తీసెయ్యబోతూ ఆగాను. గీత వంగి ఉంది. డ్రమ్ములు పరుగందుకున్న చోటే అదీ పైకి లేచింది. డ్రమ్ములు మళ్ళీ నెమ్మదించిన చోట అదీ దిగింది. మిగతా రెండు టేకులూ చూశాను. అదే వంపు.

పిల్లవాడు తొందరపడితే డ్రమ్ముల వేగం మారాలి గానీ కరెంటు రొద ఎందుకు మారుతుంది? రెండూ కలిసి మారాయంటే మారింది వాయించినవాడు కాదు. టేపు. రికార్డు చేస్తున్నప్పుడు మిషను నెమ్మదించింది. నెమ్మదిగా తిరిగిన టేపును తర్వాత మామూలు వేగంతో వింటే అందులో ఉన్నదంతా పరిగెత్తినట్టే ఉంటుంది. ఆ రోజు గదిలో శ్రుతి ఉన్న వాయిద్యం ఒక్కటి కలిసి వాయించినా దాని శ్రుతి జారి అక్కడికక్కడే పట్టుబడేది. డ్రమ్ములొక్కటే కావడం యాదగిరి ఖర్మ.

ఆయనకు ఎలా చెప్పాలో తెలియక రెండు రోజులు ఊరుకున్నాను. మూడో రోజు స్టూడియోకి రమ్మని, "సార్, జర గీ గీత చూడుండ్రి" అన్నాను. ఆయన తెర వైపు చూడలేదు. "చూపించకు. వినిపించు" అన్నారు.

వినిపించాను. డ్రమ్ములు తగ్గించి, కింది రొదను పెంచి పెట్టాను. ఎడమ చెవి ముందుకు వచ్చింది. రొద పైకి జారిన క్షణాన ఆయన వేలు కుర్చీ చేతి మీద ఒకసారి లేచి అక్కడే ఆగిపోయింది. "ఇంకోసారి" అన్నారు. అలా ఎన్నిసార్లో. ఆ తర్వాత, ఎప్పుడూ విప్పని స్వెటరు విప్పి ఒళ్ళో పెట్టుకున్నారు. చెమట పట్టింది.

"స్టెబిలైజరు రిపేరుకి వెళ్ళింది ఆ వారం" అన్నారు. "మధ్యాహ్నం ఏసీ మళ్ళీ అందుకున్నప్పుడల్లా వోల్టేజీ పడిపోయి లైట్లు మసకబారేవి. నేను చూశాను. మసకబారడం నా కళ్ళతో నేను చూశానమ్మా."

నేను ఆ టేపు వేగాన్ని రొద వెంట సరిచేసి, డ్రమ్ములు మళ్ళీ పెట్టాను. గోడకు మేకులు కొట్టినంత నిలకడగా ఉన్నాయి. అంతే కాదు, మదరాసు డ్రమ్మరు వాయింపులో లేనిదేదో ఉంది. డప్పు వాయించే చేతి విసురు. ప్రతి నాలుగో దెబ్బకు ముందు చిన్న ఊగు. ఆ పాట అసలు ఎలా ఉండాలనుకున్నారో నాకు అప్పుడు తెలిసింది.

కంపెనీ తరఫున వచ్చే కుర్రాడు మంచివాడే. విన్నాడు, ఎగిరి గంతేశాడు. "సూపర్ ఉందండీ! వేగం సరిచేసి వేసేద్దాం. మిషను సంగతి ఎందుకండీ ఇప్పుడు? ఎవరికి తెలుస్తుంది?"

"నాకు తెలుసు కదండీ" అన్నారాయన.

అప్పటికే కొత్త ఆల్బంతో పాటు వచ్చే చిన్న పుస్తకంలో ఆయన గురించి ఒక పేజీ సిద్ధమైంది. 'తప్పు పట్టని చెవి' అని దానికి పేరు. ఆయన దాన్ని తెప్పించుకుని చదివి, పెన్ను తీసుకుని మొత్తం కొట్టేసి, కింద రాశారు. "ఎనిమిదో రీలులో వేగం తప్పింది మిషను. డ్రమ్మరు కాదు. ఆ మిషను బాధ్యత నాది. ఆ రోజు తప్పు డ్రమ్మరుదని చెప్పింది కూడా నేనే." కింద తన పూర్తి పేరు. "ఇది ఇలాగే వెయ్యండి, లేకపోతే రీళ్ళు వెనక్కివ్వండి" అన్నారు. కుర్రాడు నా వైపు చూశాడు. నేను ఆ పేజీని అతని వైపు జరిపాను.

కానీ పుస్తకం కన్నా ముందు చెప్పాల్సిన మనిషి ఒకరున్నారు. బ్యాండులో పాడినాయన ద్వారా ఆచూకీ దొరికింది. యాదగిరి బోరబండలోనే ఉన్నాడు, టెంట్ హౌస్ నడుపుతున్నాడు. పెళ్ళిళ్ళకీ చావులకీ షామియానాలు, కుర్చీలు, వంటపాత్రలు కిరాయికిస్తాడు. నేను కారు తెస్తానంటే వద్దని, ఆటోలో వెళ్దామన్నారు. కొండవాలు మీద సందు దగ్గర ఆటో ఆగిపోయింది. అక్కడి నుంచి నడక. డెబ్బై ఎనిమిదేళ్ళ మనిషి, నాలుగడుగులకోసారి నిలబడుతూ, "ఇదంతా రోజూ దిగి వచ్చేవాడమ్మా స్టూడియోకి, సైకిలు మీద" అన్నారు.

యాదగిరి నేల మీద కూర్చుని షామియానా తాళ్ళకు ముడులు విప్పుతున్నాడు. అరవైకి దగ్గరపడ్డ మనిషి, భుజాలు ఇంకా గట్టిగా ఉన్నాయి. తలెత్తి చూశాడు. గుర్తుపట్టడానికి క్షణం కూడా పట్టలేదు. లేవలేదు.

"రండి సార్" అన్నాడు. "ఎవరింట్ల ఫంక్షను?"

"ఫంక్షను కాదు యాదగిరీ. నీకొక మాట చెప్పాలని వచ్చాను." ఆయన నిలబడే చెప్పారు, ఒక్క మాట దాచకుండా. స్టెబిలైజరు, మసకబారిన లైట్లు, వంగిన రొద. "నువ్వు పరిగెత్తలేదు. నా మిషను నెమ్మదించింది. నువ్వు సరిగ్గానే వాయించావు."

యాదగిరి చేతిలో తాడు అలాగే ఉంది. "గీ మాట చెప్పనీకి నలభై ఏండ్లు పట్టిందా సార్?" అన్నాడు. గొంతు పెంచలేదు.

"నాకు తెలిసి పది రోజులే అయింది."

"ఒక్కటి అడుగుత. నిజం చెప్పుండ్రి. గా దినం మీకు డౌట్ రాలేదా?"

నేను కల్పించుకోబోయాను. ఆయన చెయ్యెత్తి నన్ను ఆపారు.

"వచ్చింది" అన్నారు. "ఒక్క క్షణం వచ్చింది. మిషన్ని అనుమానిస్తే నన్ను నేను అనుమానించుకోవాలి. దానికి ధైర్యం చాలలేదు. నిన్ను అనుమానించడం తేలిక. నువ్వు పిల్లవాడివి, నీ వెనక ఎవరూ లేరు."

యాదగిరి తాడు కింద పడేసి లేచి లోపలికి వెళ్ళిపోయాడు. మేమిద్దరం పేర్చిన కుర్చీల మధ్య నిలబడ్డాం. వెళ్ళిపోదామా అన్నట్టు చూశాను. ఆయన కదల్లేదు. లోపల కుళాయి తిప్పిన చప్పుడు, నీళ్ళ చప్పుడు. చాలాసేపటికి యాదగిరి ముఖం కడుక్కుని, తుండుతో తుడుచుకుంటూ వచ్చాడు. పేర్చిన వాటిలోంచి ఒక కుర్చీ లాగి ఆయన ముందు వేశాడు.

"కూసోండి సార్. ఎంతసేపు నిలవడ్తరు" అన్నాడు. ఆ తర్వాత నాతో, "పెండ్లి బరాత్ బ్యాండ్లు ఇంటి ముంగట నుంచి పోతే నేను లోపలికి పోతుంటి బిడ్డా. చెయ్యి ఆడుతది గదా, అది ఆడుడు సూస్తె నాకే సిగ్గు. సరిగ్గ రాని పనికి చెయ్యెందుకు ఆడాలె అని" అన్నాడు.

"కాకా, ఒక్కసారి వింటరా?" అన్నాను. ఫోనూ చిన్న స్పీకరూ తెచ్చాను.

పెట్టాను. సందులో పోతున్న ఇద్దరు ముగ్గురు ఆగి చూశారు. యాదగిరి మొదట నేల వైపు చూస్తూ విన్నాడు. పరిగెత్తాడని చెప్పిన చోటు వచ్చింది. దాటింది. నిలకడగా దాటింది. అతని కుడి చెయ్యి మోకాలి మీద కదలడం మొదలుపెట్టింది. ఈసారి లోపలికి వెళ్ళలేదు. అయిపోయాక, "మల్ల పెట్టు" అన్నాడు. రెండోసారి విని పెద్దగా నవ్వాడు. "అబ్బ! ఏం కొట్టిన సార్ నేను!"

"అవును" అన్నారాయన.

కొత్త ఆల్బంలో ఎనిమిదో రీలు యాదగిరి పేరుతో వచ్చింది. పుస్తకంలో ఆ పేజీ ఆయన రాసినట్టే పడింది. అది చదివినవాళ్ళ దగ్గర ఆయన పరువు పోతుందని నేను భయపడ్డాను. అలాంటిదేమీ జరగలేదు. ఎప్పుడో పని మానేసిన ఇద్దరు పాత రికార్డిస్టులు ఫోను చేసి, తమ తమ తప్పులు చెప్పుకున్నారట. "నవ్వొచ్చిందమ్మా, ఏడుపూ వచ్చింది. అందరం ఒకటే" అన్నారు. ఆ మిగిలిన కొన్ని నెలలూ ఆయన తరచు బోరబండ వెళ్ళేవారు. ఏం మాట్లాడుకునేవారో తెలియదు. కాళ్ళు సహకరించని రోజు యాదగిరే వచ్చేవాడు. ఇద్దరూ టేపుల గదిలో కూర్చుని ఎవరెవరివో వదిలేసిన టేకులు వినేవాళ్ళు. యాదగిరి చెంచాలతో బల్ల మీద తాళం వేసేవాడు.

ఆయన పోయిన రోజు నేను మధురానగర్ చేరేసరికి ఇంటి ముందు షామియానా వేసి ఉంది, కుర్చీలు వరసగా ఉన్నాయి. యాదగిరి గుంజ దగ్గర నిలబడి తాడు బిగిస్తున్నాడు. "ముడి నేనే వేస్త అన్న పోరగాండ్లకు. గాలొస్తె కదలొద్దు" అన్నాడు.

టేపుల గది తాళంచెవి ఆయన కూతురు నాకిచ్చింది. ఆదివారాలు వెళ్తున్నాను. పొదిగే పెట్టె ఇంకా పనిచేస్తోంది. ఒక్కొక్క రీలే కంప్యూటర్లోకి ఎక్కుతోంది. ఎన్నేళ్ళు పడుతుందో తెలియదు గానీ, తొందరేమీ లేదు.

పోయిన నెలలో ఒక సినిమాకు పాట రికార్డు చేస్తున్నాం. సంగీత దర్శకుడు పాతికేళ్ళవాడు, ఎనిమిదో రీలు విని విని అరగదీసినవాడు. ఈ పాటకు ఆ డ్రమ్మరే కావాలని పట్టుబట్టి యాదగిరిని పిలిపించాడు. యాదగిరి ఇస్త్రీ చొక్కా వేసుకొచ్చాడు. స్టూలు ఎత్తు రెండుసార్లు సరిచేసుకున్నాడు. అద్దానికి ఇవతల నేను శబ్దం కొలిచే మీటర్లు చూస్తున్నాను. యాదగిరి వాయింపు ఎత్తుకున్నాడు. మొదటి చరణం అయ్యేసరికి గదిలో అందరి తలలూ ఊగుతున్నాయి. అయిపోగానే సంగీత దర్శకుడు లేచి నిలబడి, "ఓకే! ఓకే అండీ! ఇదే ఫైనల్" అని అరిచాడు.

అద్దం అవతల యాదగిరి కర్రలు దించలేదు. మైకు దగ్గరికి వంగి అన్నాడు: "అది గాదు బాబూ. ఇంకొక్కటి తీస్కో. దాని కన్న మంచిగ కొడ్త."